కండెమ్ చేసిన గొలుసుకు పూలదండ

గొలుసు తెగితే గొలుసును తిట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. గొలుసు ఏం చేస్తుంది పాపం! మొయ్యగలిగినంత మోస్తుంది. మొయ్యలేనప్పుడు సాగుతుంది, మెలిపడుతుంది, దాని హుక్కు నోరు తెరుస్తుంది. ఇక నావల్ల కాదు తల్లీ అని ఎన్ని రకాలుగా చెప్పాలో అన్ని రకాలుగా చెబుతుంది. వినేవాడు లేకపోతే అప్పుడు తెగుతుంది.

నేను హిందూపురం దగ్గర ఒక ఫ్యాక్టరీలో టూల్ రూమ్ చూసుకుంటూ ఈమధ్యే రిటైరయ్యాను. బరువైన యంత్రాలను క్రేనుతో ఎత్తేటప్పుడు క్రేనుకూ యంత్రానికీ నడుమ వేసే గొలుసులన్నీ నా చేతికిందే ఉండేవి. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు ఎక్కడ కనబడినా ఒక దసరా మరునాటి సంగతి చెప్పకుండా వదలను. మా ఇంట్లోవాళ్లు ఇప్పటికే విని విని విసిగిపోయారు. "మళ్ల మొదలుపెట్టింది" అని లేచిపోతున్నారు. అందుకే కాగితం మీద పెడుతున్నాను, ఇది లేచిపోలేదు కదా.

మాది ధర్మవరం. పుట్టిల్లూ మెట్టినిల్లూ రెండూ మగ్గాల ఇళ్లే. నేను ఐటీఐ చదివి ఫ్యాక్టరీ స్టోర్సులో చేరాను. గొలుసులను పరీక్షించడం నేర్చుకోవడానికి ఒకరిని బెంగళూరు పంపాలని పైవాళ్లు అనుకుంటే మగవాళ్లలో ఒక్కరూ కదల్లేదు. లావుగా ఉందా లేదా చూడ్డానికి చదువెందుకని వాళ్ల లెక్క. నేను పోయాను. తిరిగొచ్చిన నాటినుంచి నా పేరు పోయి గొలుసులక్కనయ్యాను. "ఆడోళ్లకు గొలుసులంటే ప్రాణం కదప్పా, దానికే ఈయమ్మకు అప్పజెప్పినారు" అని క్యాంటీన్లో నవ్వుకునేవాళ్లు. నవ్వుకోనీ, నోరు నొప్పి పుడితే వాళ్లే ఆపుతారు అనుకున్నాను. ఆపలేదు.

పని పెద్ద బ్రహ్మవిద్య కాదు. ప్రతి గొలుసుకూ ఒక ట్యాగు ఉంటుంది, ఎన్ని టన్నులు మోస్తుందో దానిమీద ఉంటుంది. లింకుల మీద దాని గ్రేడు కొట్టి ఉంటుంది. ట్యాగు లేని గొలుసు ఎంత లావున్నా దాన్ని గడప దాటనివ్వను. ఇంకొకటి, ఒకే రింగు నుంచి రెండు పాయలుగా వేలాడే రెండు కాళ్ల గొలుసును ఎంత వెడల్పుగా చాపితే ఒక్కో కాలిమీద అంత ఎక్కువ బరువు పడుతుంది. ఇద్దరు మనుషులు నీళ్ల బిందెను చెరో పక్క పట్టుకుని దూరం దూరంగా నడిస్తే భుజాలు ఎట్లా లాగుతాయో చూడండి, అంతే సంగతి. ఇవి చెప్పీ చెప్పీ నా గొంతు బొంగురుపోయింది. ముడివేయొద్దు, తెగినచోట బోల్టుతో అతకొద్దు, పదునైన అంచుకు గోనెపట్టా అడ్డం పెట్టకుండా బిగించొద్దు. నేను అటు తిరగ్గానే వాళ్లు ఇటు ముడివేసేవాళ్లు.

గొలుసులు కట్టి బరువులెత్తించే మా రిగ్గింగ్ మేస్త్రీది తలుపుల మండలంలో ఒక పల్లె. నాకంటే పెద్దవాడు. నన్ను చెల్లెమ్మా అనేవాడు, నేను అన్నా అనేదాన్ని. మనిషి మంచివాడు, పనిమంతుడు. అందుకే నా బాధంతా. పనికిరానివాడైతే మేనేజరుకు చెప్పి మార్పించేదాన్ని. ఎంత బరువు గాల్లోకి లేచినా పక్కనే నిలబడి దానిమీద అరచెయ్యి ఆనించి ఉంచడం ఆయన అలవాటు. ఎద్దు మూపు నిమిరినట్టు నిమిరేవాడు. "చెయ్యి తియ్యన్నా, దూరంగా నిలబడి సైగ చెయ్యి" అంటే, "చెయ్యేసుంటే బెదరదు చెల్లెమ్మా" అనేవాడు. ఇనుము బెదరడమేమిటి? నేను అడిగితే నవ్వేవాడు. ఆ నవ్వుకు ఏం జవాబు చెప్పాలో బెంగళూరులో నేర్పలేదు.

ఫ్యాక్టరీ పెట్టిన కొత్తలో కొన్న రెండు కాళ్ల గొలుసు ఒకటి ఉండేది. ఫ్యాక్టరీలో మొట్టమొదటి యంత్రాన్ని లారీమీదనుంచి దానితోనే దించారు. దించింది ఈ మేస్త్రీనే. ఆ తర్వాత ఫ్యాక్టరీ బాగా నడవడంతో ఆ గొలుసు చెయ్యి మంచిదని ఆయనకు గట్టి నమ్మకం. కొందరు డాక్టర్ల చెయ్యి మంచిదంటారే, అట్లా. ఆ సంవత్సరం దసరాకు కొన్నాళ్ల ముందు ఎవరో దానితో బరువును పక్కకు లాగారు. నేను పరీక్షకు పెట్టి చూస్తే ఒక కాలిలో లింకు సాగి ఉంది, దాని మెడమీద సన్నటి గాటు. ఆ కాలి హుక్కు నోరు కూడా తెరుచుకుంది. ఇక వాడకూడదని కండెమ్ చేసి, ఎర్రరంగు పూసి, పనికిరాని సామాన్ల ఇనుపజాలి గదిలో వేసి తాళం పెట్టాను. గ్యాస్ కటింగ్ ఆయన్ను పిలిచి ముక్కలు కొయ్యమన్నాను. కండెమ్ చేసిన గొలుసును ముక్కలు కొయ్యాలి. కొయ్యకపోతే అది ఏదో ఒకనాడు లేచి నడుచుకుంటూ పనిలోకి వస్తుంది, నా మాట నమ్మండి.

"కోసేస్తా అక్కా" అన్నాడు ఆయన. నేను పండగ సెలవు పెట్టి ధర్మవరం పోయాను.

ఆయుధపూజ అంటే మా ఇంట్లో మగ్గానికి పూజ. ఆరోజు మగ్గం మీద కూర్చోం, పోగు తియ్యం. పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడె ఒకటి చీలిపోయి మూలన పడి ఉంటే, ఊడుస్తూ పారేయబోయాను. మా అత్త గయ్యిమంది. "ఏందే నీకు పోయేకాలం! ఇన్నేండ్లు కూడు పెట్టలేదా అది? దానికీ రవ్వంత బొట్టు పెట్టు" అంది. పెట్టాను. పెట్టి కొత్తవాటి పక్కన ఉంచాను. చీలిన నాడెకు బొట్టు పెడితే వచ్చే నష్టమేమీ లేదు. మహా అయితే పోగు తెగుతుంది, ముడేసుకుంటాం. నాకేం తెలుసు, ఇదే పని ఫ్యాక్టరీలోనూ జరుగుతోందని.

దసరా మరునాడు పొద్దున్నే పాసింజరు ఎక్కాను. దారిలో క్రాసింగు కోసం నిలబడీ నిలబడీ, పెనుకొండలో కాసేపు ఆగి, నత్తనడకన హిందూపురం చేరింది. టూల్ రూమ్ తలుపు తీసి చూస్తే కళ్లు చెదిరాయి. గొలుసులన్నీ తళతళ మెరుస్తున్నాయి. అన్నింటికీ సిల్వర్ పెయింటు, పెయింటు మీద పసుపు కుంకుమ, ప్రతి హుక్కుకూ బంతిపూల దండ. చూడ్డానికి పెళ్లివారి విడిదిలా ఉంది. ట్యాగుల మీద కూడా పెయింటు. ఏది ఎన్ని టన్నులో దేవుడికే తెలియాలి. ప్రతి దసరాకూ ఇదే గోల. వద్దు మొర్రో అని ఏడాది పొడుగునా మొత్తుకుంటాను, ఆ ఒక్కరోజు నేను ఉండను. కిరసనాయిలు, బ్రష్షు తీసి రంగు గీకడానికి కూర్చోబోతూ జాలిగది వైపు చూశాను. తాళం ఉంది. లోపల గొలుసు లేదు. కోసిన ముక్కలూ లేవు.

కాపలావాణ్ని అడిగాను, తెలీదన్నాడు. స్టోర్సులో అడిగాను, తెలీదన్నారు. అందరూ శాకాహారులే, బుట్టలో రొయ్యలు మాయం! చివరికి గ్యాస్ కటింగ్ ఆయన్ను పట్టుకున్నాను. ఆయనది నల్లమాడ వైపు, క్రైస్తవ కుటుంబం, నోరు మెత్తనివాడు.

"కొయ్యలేదు అక్కా" అన్నాడు నేలచూపులు చూస్తూ.

"ఎందుకప్పా కొయ్యలేదు?"

"మేస్త్రీ వచ్చి, పండగ ముందర ఎట్ల కోస్తావప్పా, అది కూడా మనకు కూడు పెట్టిందే కదా, పూజలో పెట్టి ఆ తర్వాత కోద్దువులే అన్న్యాడు. మీ పండగ కదక్కా. నేనేమో చర్చికి పోయేవాణ్ణి. నేను కాదని కోస్తే ఏమనుకుంటారో అని గమ్మునుంటి."

ఏమనాలి ఆయన్ను? మొండితనం చేసి ఉంటే తిట్టేదాన్ని, మర్యాద చేశాడు. స్టోర్సులో తాళంచెవి తెచ్చి గొలుసును బయటికి తీశారట. ఎర్రరంగు మీద సిల్వర్ పూశారట. పూజయ్యాక తిరిగి చెత్తలో వెయ్యడానికి చేతులు రాలేదట, దండ వేసినదాన్ని చెత్తలో ఎట్లా వేస్తారు మరి! తీసుకెళ్లి అన్నింటికంటే ముందు కొక్కేనికి తగిలించారట.

ఆ ముందు కొక్కెం ఖాళీగా ఉంది. ఆ పొద్దు పెనుకొండ దగ్గర మా కంపెనీ కొత్త షెడ్డులో మొదటి యంత్రాన్ని దించుతున్నారు. నాలుగు టన్నుల పైచిలుకు ప్రెస్సు. మేస్త్రీ, మనుషులు తెల్లవారుజామునే గొలుసులు వేసుకుని పోయారు. ఆ పెనుకొండ మీదుగానే నేను రైల్లో కిటికీ పక్కన కూర్చుని, పల్లీలు తింటూ వచ్చాను. నన్ను నేనే తిట్టుకున్నాను.

మేస్త్రీకి ఫోన్ చేశాను. మోగుతోంది, ఎత్తడు. బరువు ఎత్తేటప్పుడు ఫోన్లు లారీలో పెట్టాలని నియమం పెట్టిందెవరు? నేనే. నేను పెట్టిన నియమాల్లో వాళ్లు పాటించింది అదొక్కటే. సైటు ఇంజినీరుకు చేశాను. ఆయన ఎత్తాడు.

"సార్, అక్కడికొచ్చిన గొలుసుల్లో ఒకటి కండెమ్ది. ఎత్తొద్దు."

"ఏది మేడమ్? అన్నీ తెల్లగా ఒకటే రకంగా ఉన్నాయి."

"రెండు కాళ్ల గొలుసును ఖాళీగా వేలాడదీసి చూడండి. రెండు హుక్కులూ సమంగా ఉంటే నన్ను తిట్టండి."

మంచివాడు, వెంటనే పోయి చూశాడు. "ఒకటి వేలెడు కిందికి ఉంది మేడమ్" అన్నాడు. నేను మేస్త్రీకి ఫోన్ ఇమ్మన్నాను.

"చెల్లెమ్మా, పండగ బాగా జరిగిందా?" అన్నాడు మేస్త్రీ.

"పండగ సంగతి తర్వాత. ఆ గొలుసు పక్కన పెట్టన్నా."

"తెలిసే తెచ్చినాలేమ్మా. ఆడ మొదటి మిషను దించింది ఇదే కదా. ఈడ గుడక ఇదే దించితే మంచిదని. దీని చెయ్యి మంచిది. ఈ పొద్దొక్క పొద్దే, ఆఖరు. మాపటికి తెచ్చిస్తా, నీ ఇష్టమొచ్చినట్ల కోయించుకో."

"అన్నా, సాగింది అది! గాటుండాది!"

"పూజ చేసిన గొలుసమ్మా. ఏం కాదులే."

పెట్టేశాడు. మేనేజరుకు చేశాను. ఆయన కన్నడాయన, ఓనరుతో, ఓనరు ఇంటివాళ్లతో కలిసి అక్కడే ఉన్నాడు. "ఒందే సల అమ్మా, ఏనూ ఆగల్ల" అన్నాడు. ఒక్కసారే కదా, ఏమీ కాదు అని. ఈ ఒక్కసారి అనే మాటను ఫ్యాక్టరీల్లోంచి బహిష్కరించాలి. ఇంజినీరు మళ్లీ ఫోన్ చేసి, "నా మాట ఎవరూ వినట్లేదు మేడమ్. రాహుకాలం పోయాక ఎత్తుతారట" అన్నాడు. జీవితంలో మొదటిసారి రాహుకాలానికి దండం పెట్టుకున్నాను.

కంపెనీ జీపులన్నీ ఓనరు చుట్టాలకోసం పోయాయి. గ్యాస్ కటింగ్ ఆయన తన బండి తీశాడు. హిందూపురం నుంచి పెనుకొండ దాకా నేను ఆయన వీపు వెనక కూర్చుని తిడుతూనే ఉన్నాను. మేస్త్రీని తిట్టాను, పెయింటు తెచ్చినవాణ్ని తిట్టాను, తాళం ఇచ్చినవాణ్ని తిట్టాను. ఆయన "అవునక్కా", "తప్పేనక్కా" అంటూ బండి నడిపాడు. తిట్టకపోతే నాకు ఏడుపొచ్చేది. కళ్లముందు ఆ అరచెయ్యే కనబడుతోంది. తెగితే బరువు ఏ పక్కకు వాలుతుందో నాకు తెలుసు. ఆ పక్కన ఆయన నిలబడి ఉంటాడు. అరచెయ్యి ఆనించి.

మేం పోయేసరికి ఎత్తేశారు. ప్రెస్సు ట్రైలరు మీదనుంచి నడుమెత్తున గాల్లో ఉంది. ఎత్తినవాళ్లు పక్కకు తిప్పి దించొచ్చు కదా, దించలేదు. హారతి ఇస్తున్నారు. ఓనరు ఇంటివాళ్లు గాల్లో ఉన్న ప్రెస్సు ముందు నిలబడి ఫోటోలు దిగుతున్నారు. ఇంకొకాయన దూరంగా పోయి వీడియో తీస్తూ, "అట్లే ఉంచండి, అట్లే ఉంచండి" అంటున్నాడు. నాలుగు టన్నుల ఇనుము సాగిన లింకుమీద వేలాడుతుంటే అట్లే ఉంచాలట! మేస్త్రీ ట్రైలరు పైనే, ప్రెస్సు పక్కనే, కొత్త టవలు తలకు చుట్టుకుని అరచెయ్యి దానిమీద ఆనించి, ఫోటోలో తానూ పడుతున్నానని కాస్త బిగుసుకుని నిలబడి ఉన్నాడు.

అరవాలనుకున్నాను. అరిస్తే క్రేను డ్రైవరు ఉలిక్కిపడతాడు, ఉలిక్కిపడితే చెయ్యి కదులుతుంది, కుదుపు వస్తుంది. నోరు మూసుకున్నాను. క్రేను దగ్గరికి పోయి దించమని చేత్తో చూపాను. డ్రైవరు తల అడ్డంగా ఊపి మేస్త్రీ వైపు చూపించాడు. సైగ చేసేది ఒక్కడే ఉండాలి, వాడు చెబితేనే కదలాలి అని నేర్పిందెవరు? మళ్లీ నేనే. నా పాఠాలన్నీ ఆరోజు నామీదికే తిరగబడ్డాయి.

అప్పుడు నేను చేసిన పని మీరెవ్వరూ చేయకండి. చేతులెత్తి దండం పెట్టి చెబుతున్నాను. కొంగు నడుముకు చుట్టుకుని, టైరు మీద కాలేసి ట్రైలరు ఎక్కాను. చుట్టూ జనం, పురోహితుడు, ఫోన్లు. మేస్త్రీ మొహం మాడిపోయింది.

"దిగు చెల్లెమ్మా! ఎవరెక్కమన్న్యారు నిన్ను?" గొంతు తగ్గించి గదమాయించాడు.

"నువ్వు ఎక్కినావు కదా."

"నాది పనిమ్మా."

"నాదీ పనే. గొలుసులు నావి. దించన్నా."

"ఎత్తినదాన్ని మళ్ల ట్రైలరు మీదికే దించితే అపశకునం. అందరూ చూస్తాండారు. మర్యాద తియ్యొద్దు."

"సరే. దించొద్దు. నేనూ ఈడే ఉంటా."

ఆయన చెయ్యి పక్కనే నా అరచెయ్యి ఆనించాను. ఇనుము ఎండకు కాలుతోంది. ధైర్యమని ఎవరూ అనుకోవద్దు, అది ఒట్టి కోపం. ఇన్నేళ్లు చెప్పిన మాట ఒక్కటీ చెవికెక్కకపోతే మనిషికి పిచ్చెక్కదా?

ఆయన నన్ను చూశాడు. తల ఎత్తి లింకు వైపు చూశాడు. మళ్లీ నన్ను చూశాడు. మళ్లీ లింకు వైపు.

"చెయ్యి తియ్ ముందు" అన్నాడు.

"నువ్వు తీస్తే తీస్తా."

తీశాడు. నా రెక్క పట్టుకుని ట్రైలరు మీదనుంచి దింపాడు, దింపాడనడం కంటే లాగాడనాలి. హారతిపళ్లెం దగ్గరున్న వాళ్లందర్నీ రెండు చేతులతో వెనక్కి తరిమాడు. ఓనరును కూడా, "పొండి పొండి, ఎనిక్కి పొండి" అని కుక్కల్ని అదిలించినట్టు అదిలించాడు. దూరంగా నిలబడి అరచెయ్యి నేలవైపు తిప్పి మెల్లగా కిందికి అని సైగ చేశాడు. అప్పుడు చేశాడు, పుస్తకంలో ఉన్నట్టు.

ప్రెస్సు దిగుతోంది. ట్రైలరుకు జానెడు ఎత్తులో ఉండగా టక్కుమంది. పెద్ద చప్పుడేమీ కాదు. తెగిన కాలు ఎగిరి క్రేనుకు కొట్టుకుంది. ప్రెస్సు ఒక పక్కకు పడి వాలింది. ఇందాక మేమిద్దరం చేతులానించి నిలబడిన పక్కకే. ట్రైలరు పక్కచెక్క నుగ్గునుగ్గయింది. ప్రెస్సు దానిమీద ఒరిగి ఆగిపోయింది.

మొదట మాట్లాడింది ఓనరు తల్లి. పెద్దావిడ రెండు చేతులూ జోడించి, "అమ్మా తల్లీ! పూజ చేయబట్టి ఎవరికీ ఏమీ కాలేదు" అంది. పురోహితుడు అవునన్నాడు. మేనేజరు అవునన్నాడు. మా రిగ్గింగ్ మనుషులు కూడా, "అవునబ్బా, ఆయుధపూజ మహిమ" అని చెంపలేసుకున్నారు. ఇంకో టెంకాయ కొట్టారు. నేను నేలమీద కూలబడి చూస్తూ ఉన్నాను. తెగింది వాళ్లు పూజ చేసిన గొలుసే. కాపాడిందీ ఆ పూజేనట! ఇక ఎవరికి చెప్పుకోవాలి? తలకాయ ఎక్కడ బాదుకోవాలి?

తర్వాత కథ మీరు ఊహించుకోవచ్చు. తిలా పాపం తలా పిడికెడు అంటారు, మా ఫ్యాక్టరీలో పిడికెళ్లన్నీ నా కొంగులోనే పోశారు. కండెమ్ చేసిన గొలుసు మీ గదిలోంచి ఎట్లా బయటికి పోయిందని నన్నే సంజాయిషీ అడిగారు. ఇంజినీరు ఒక్కడు నా పక్షాన మాట్లాడాడు. నేను రాసి పడేశాను, అది అక్కడితో ముగిసింది. ఆ తర్వాత దసరాలకు పెయింటు డబ్బాలు నేనే తాళంలో పెట్టి, పూజ రోజు సెలవు మానుకుని, దగ్గర కూర్చుని పసుపు కుంకుమ వరకే పెట్టించాను. పండక్కి ఇంట్లో ఉండవని మా అత్త సాధించింది. సాధించనీ.

పిల్లలూ, నేను చెప్పేది దేవుణ్ణి నమ్మొద్దని కాదు. నేనూ మగ్గానికి మొక్కినదాన్నే. మొక్కండి, బొట్టు పెట్టండి, దండ వెయ్యండి. ట్యాగు మాత్రం కనబడనివ్వండి. పనికిరానిదాన్ని పనికిరాదన్న రోజే, మీరు నిలబడి, మీ కళ్లముందే ముక్కలు కోయించండి. రేపు, పండగయ్యాక, ఒక్కసారికి అనేవాళ్లు అందరూ మంచివాళ్లే. చెడ్డవాళ్లయితే మీకింత కష్టం ఉండదు.

మరునాడు ఆ గొలుసును కోశాం. తెగిన కాలునూ, మిగతా గొలుసునూ మేస్త్రీ తనే భుజాన వేసుకుని తెచ్చాడు. దండ ఎక్కడో రాలిపోయింది, సిల్వరు రంగు పెచ్చులూడి కింద ఎరుపు కనబడుతోంది. గ్యాస్ కటింగ్ ఆయన ఇనుము కోసే టార్చి వెలిగించాడు. మేస్త్రీ నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. నేను మాట్లాడకూడదనే అనుకున్నాను. ఒక్కో లింకు తెగి పడుతుంటే నా నోరు ఆగలేదు.

"అన్నా, నేను ఫోన్లో చెప్తే దించకపోతివి. ఇంజినీరు చెప్తే దించకపోతివి. నేనొచ్చి నిలబడితే దించితివి. ఎందుకు?"

"నువ్వు నిలబడినావు కదమ్మా. ఎట్ల ఉంచేది?"

"అంటే ఆ గొలుసు నా ప్రాణానికి చాలదని నీకు తెలుసు."

ఆయన తలకున్న టవలు విప్పి మళ్లీ చుట్టుకున్నాడు.

"నాకు చాలనిది నీకెట్ల చాలిందప్పా?"

ఆయన టార్చి మంట వైపు చూశాడు. అది చూడకూడదు, కళ్లు పోతాయి. చూడొద్దని చెప్పాను. అప్పుడు నా వైపు తిరిగాడు.

"నాకైతే చాల్లే అనుకొంటి చెల్లెమ్మా."

గొలుసు తెగినప్పుడు కూడా నాకంత కోపం రాలేదు. నా చేతిలో ఉన్న గోనెపట్టా తీసి ఆయన వీపుమీద కొట్టాను, ఒకటి కాదు, చేతులు నొప్పి పుట్టేదాకా. ఆయన తల వంచుకుని కొట్టించుకున్నాడు. టార్చి ఆపేసి గ్యాస్ కటింగ్ ఆయన అటు తిరిగి నిలబడ్డాడు. నేను ఏడుస్తూనే కొట్టాను.